పాత డైవింగ్ వాచీలు: ఏది దేశం తేడా, ఏది కాలం తేడా, ఏది బొంబాయి తేడా

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల గానీ, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర గానీ ఇంకా మూతపడని పాత వాచ్ రిపేర్ కొట్టు కనిపిస్తే లోపల డబ్బాలు తీయించి చూడండి. హెచ్‌ఎంటీలు, ఆల్విన్లు, ఫేవర్ లూబాలు, వాటి మధ్యలో దుబాయి, మస్కట్, సౌదీ పోయొచ్చినవాళ్లు తెచ్చుకున్న సీకోలు, సిటిజన్లు. సీకోల్లో ఎక్కువ భాగం సీకో 5 లే, అవి డైవింగ్ వాచీలు కావు. కానీ ఎప్పుడో ఒకసారి చేతికి బరువు తగిలేది, చావి (టైము తిప్పే పక్క బొడిపె) మూడు దగ్గర కాకుండా నాలుగు దగ్గర ఉన్నది, అద్దం చుట్టూ తిరిగే బెజెల్ అనే రింగు ఉన్నది ఒకటి బయటపడుతుంది. అప్పుడు ఏం చూడాలి, ఎంత నమ్మాలి అన్నదే ఇక్కడ చెప్తున్నా.

పేరు చూసి మోసపోవద్దు. ఫేవర్ లూబా సీ చీఫ్, సీ కింగ్ మన దగ్గర పెళ్లిళ్లకు పెట్టిన వాచీలు, పేరులో సముద్రం ఉంది గానీ అవి మామూలు చావి ఇచ్చే వాచీలే. అదే కంపెనీ 1960లలో బాతీ అని, లోతును ముల్లుతో చూపించే నిజమైన డైవింగ్ వాచీ చేసింది. అది మన కొట్లలో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

ఒకే మోడల్ వాచీలు రెండు పక్కపక్కన పెడితే కనిపించే తేడాలు మూడు రకాలు. ఒకటి, ఏ దేశంలో అమ్మడానికి చేశారో దాన్ని బట్టి వచ్చిన తేడా. రెండు, ఏ సంవత్సరంలో చేశారో దాన్ని బట్టి వచ్చినది. మూడోది, తర్వాత ఎవడో రిపేరులో మార్చినది, దాన్నే నేను బొంబాయి తేడా అంటున్నా. కొత్తగా సేకరించేవాళ్లు మూడోదాన్ని చూసి మొదటిది అనుకుంటారు, అమ్మేవాడు కూడా అలాగే చెప్తాడు: "ఇది అరబ్ మోడల్ సార్, అందుకే డయల్ నీలం." సీకో 6309-7040 అనే డైవింగ్ వాచీకి అలాంటి అరబ్ మోడల్ ఏమీ లేదు. కంపెనీ దాన్ని నల్ల డయల్‌తోనే చేసింది. నీలం, ఆరెంజ్, పసుపు డయల్‌తో కనిపిస్తే అది తర్వాత వేసినదే, ఎంత ముద్దుగా ఉన్నా సరే.

సీకోతో మొదలుపెట్టమని చెప్తాను, ఎందుకంటే వాచీ తన కథ తానే చెప్తుంది. వెనక మూత మీద రెండు నాలుగంకెల సంఖ్యలు ఉంటాయి, 6309-7040 లాగా. మొదటి నాలుగు లోపల మిషన్ ఏదో చెప్తాయి, తర్వాతి నాలుగు కేసు, అంటే బయటి లోహపు ఒళ్లు, ఏదో చెప్తాయి. డయల్ అడుగున, ఆరు గంటల గుర్తు కింద, భూతద్దం లేకుండా కనబడనంత చిన్నగా ఇంకో సంఖ్య ఉంటుంది, అది 6309-704 తో మొదలవ్వాలి. మూత తీస్తే మిషన్ మీద 6309 అని ఉండాలి. ఈ మూడూ కలిస్తే సగం పని అయినట్టే, కలవకపోతే ఎక్కడో అవయవ మార్పిడి జరిగింది. పది రెట్లు పెద్దగా చూపించే లూప్ ఒకటి కొనండి. ఇంతకంటే పనికొచ్చే ఖర్చు ఈ సరదాలో ఇంకోటి లేదు.

తర్వాత సీరియల్ నంబరు. మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె, రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 1 నుంచి 9, అక్టోబరుకు ఓ లేదా సున్నా, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి అనే ఇంగ్లీషు అక్షరాలు. దశాబ్దం మాత్రం చెప్పదు, దాన్ని మోడల్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా తయారైందో చూసి పట్టుకోవాలి. 6309-7040 తయారైంది 1976 నుంచి 1988 దాకా, కాబట్టి సీరియల్ 3 తో మొదలైతే అది 1983 తప్ప వేరే ఏదీ కాదు. 7 తో మొదలైతే 1977 కావచ్చు, 1987 కావచ్చు, అప్పుడు మిగతా గుర్తులు చూడాలి.

ఇక దేశం తేడాలు. 6309-7040 పక్కన 6309-7049 అని ఇంకోటి ఉంది, అది ఉత్తర అమెరికా కోసం చేసినది. లోపల మిషన్ అదే, కేసు ఆకారం అదే, 150 మీటర్ల లోతు అదే. డయల్ కింది భాగంలో అమెరికా దాని మీద 17 జ్యువెల్స్ (మిషన్‌లోని రాళ్ల లెక్క) అని రాసి ఉంటుంది, మిగతా ప్రపంచం దాని మీద సీకో వాళ్ల సువా ఫ్యాక్టరీ గుర్తు ఉంటుంది. అంతకుముందు మోడల్ 6105 కూడా ఇలాగే: 1968 నుంచి 1977 దాకా వచ్చిన ఈ కుటుంబంలో 6105-8110 మిగతా దేశాలకు, 6105-8119 ఉత్తర అమెరికాకు. చివర తొమ్మిది కనబడితే ఆ వాచీ అమెరికా బజారు చూసొచ్చిందని ఈ రెండు మోడళ్ల దాకా అనుకోవచ్చు. కాబట్టి వెనక మూత మీద 7049 ఉండి డయల్ మీద సువా గుర్తు ఉంటే, రెండింటిలో ఒకటి బయటి నుంచి వచ్చినట్టే.

వారం పేర్లు చూపించే చక్రం సంగతి అన్నిటికంటే సరదాగా ఉంటుంది. 6309 లో ఒక భాష ఇంగ్లీషు, రెండోది ఎక్కడ అమ్మారో దాన్ని బట్టి: స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, అరబిక్, జపాన్ కంజి. మన వైపు గల్ఫ్ నుంచి వచ్చిన సీకోల్లో అరబిక్ ఎందుకు కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. చావి మర విప్పి, ఒక మెట్టు బయటికి లాగి తిప్పుతూ పోతే రెండు భాషలూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున నాలుగు మధ్య టైములో ముండ్లు ఉన్నప్పుడు మాత్రం ఈ పని చేయకండి, లోపల పళ్లు ఇరుక్కుంటాయి, ముందు ఆరు గంటల దగ్గరికి తెచ్చుకోండి. అయితే ఈ చక్రం సాక్ష్యమే గానీ రుజువు కాదు, సీకో 5 నుంచి తీసి డైవింగ్ వాచీలో వేసేయొచ్చు, రిపేర్ చేసేవాళ్లకు అది పెద్ద పని కాదు. అమెరికా వాచీ 7049 లో అరబిక్ చక్రం కనబడితే కారణం దాదాపుగా అదే అయి ఉంటుంది.

సీకో డైవింగ్ వాచీ ఎస్‌కేఎక్స్ 007 గురించి అడిగేవాళ్లు ఎక్కువ. 1996 లో వచ్చింది, 2019 లో ఆగిపోయింది, నిజానికి పాతది అనడానికి ఇంకా వయసు చాలదు గానీ ధరలు మాత్రం పాతవాటిలా పెరిగాయి. దీంట్లో జె, కె అని రెండు రకాలు. జె డయల్ మీద 21 జ్యువెల్స్ అని, అడుగున మేడ్ ఇన్ జపాన్ అని ఉంటుంది, కె మీద ఉండదు. లోపల మిషన్ రెండింటిలోనూ 7ఎస్26 ఒక్కటే, అద్దం ఒక్కటే. జె కి ఎక్కువ డబ్బు ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, మీకు ఆ అక్షరాలు డయల్ మీద చూసుకోవడం ఇష్టమైతే పెట్టుకోండి, ఆ వాచీ ఎక్కువ కరెక్టుగా నడుస్తుందని మాత్రం పెట్టకండి. నా లెక్కలో ఈ కుటుంబంలో అసలైన దేశం తేడా ఎస్‌కేఎక్స్ 173: ఉత్తర అమెరికాకు వెళ్లింది, గుండ్రటి చుక్కల బదులు పాత 6105 లాగా పొడుగు గుర్తులు ఉంటాయి. నీలం ఎరుపు బెజెల్ ఉన్న 009 కి అమెరికా జోడీ 175. పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇంతకంటే మంచి జంటలు తక్కువ ధరలో దొరకవు.

కాలం తేడాను దేశం తేడా అని చెప్పి అమ్మే సందర్భాలు కూడా చాలా. 1970 కి ముందు సీకో డయల్ మీద 150 మీటర్ల పక్కన ప్రూఫ్ అని రాసేవాళ్లు, ఆ తర్వాత రెసిస్ట్ అని మార్చారు. ప్రూఫ్ అంటే జపాన్‌దని, రెసిస్ట్ అంటే ఎగుమతిదని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. రోలెక్స్ సబ్‌మెరైనర్‌లో మీటర్లు ముందు రాసినవి, అడుగులు ముందు రాసినవి కూడా అంతే, అమెరికాకు అడుగులు, యూరప్‌కు మీటర్లు అని అనుకోవడం సులువు కానీ మీటర్లు ముందున్నవి పాతవి, అడుగులు ముందున్నవి తర్వాతివి. బెజెల్ కూడా కాలం చెప్తుంది: 6309 ది రెండు వైపులా తిరుగుతుంది, ఎస్‌కేఎక్స్ ది ఎడమవైపే తిరుగుతుంది, నీళ్లలో పొరపాటున తగిలి జరిగినా మిగిలిన టైము తక్కువే చూపించాలి తప్ప ఎక్కువ చూపించకూడదని.

స్విస్ వాచీల్లో దేశం తేడా వెతకాలంటే కొన్నిటికి లోపలికి వెళ్లాలి. అమెరికాకు దిగుమతి అయిన మిషన్ల మీద మూడక్షరాల కోడ్ చెక్కేవాళ్లు, ఒమేగాకు ఓఎక్స్‌జీ, రోలెక్స్‌కు ఆర్‌ఓడబ్ల్యూ. బయట ఏమీ కనబడదు, మూత తీస్తేనే తెలుస్తుంది. డోక్సాలో మాత్రం బయటే కనిపిస్తుంది. దాని ఆరెంజ్ డయల్ సబ్ 300 వచ్చింది 1967 లో, వాటిలో అమెరికాలో యూఎస్ డైవర్స్ కంపెనీ ద్వారా అమ్మినవాటి మీద ఆ కంపెనీ ఆక్వాలంగ్ గుర్తు ఉంటుంది. దానికే ధర ఎక్కువ, కాబట్టి దాన్నే దొంగ డయల్‌గా అచ్చు వేస్తారు.

రష్యా వాచీ వోస్టాక్ ఆంఫిబియా జేబుకు తేలిక, చిస్టోపోల్ ఊళ్లో 1967 నుంచి చేస్తున్నారు, 200 మీటర్లు. సొంత దేశం కోసం చేసిన దాని మీద రష్యన్ లిపి, ఎగుమతికి చేసిన దాని మీద ఇంగ్లీషు లిపి. డయల్ అడుగున యూఎస్ఎస్ఆర్ అని ఉంటే దాదాపు 1991 దాకా చేసినది. బయటికి తీసిన చావి వదులుగా ఊగితే భయపడకండి, అది డిజైనే, దెబ్బ తగిలినప్పుడు లోపలి కడ్డీ వంగకుండా అలా చేశారు. సిటిజన్ 150 మీటర్ల డైవింగ్ వాచీ గురించి ఒక్కటే చెప్తా: 1983 లో ఆస్ట్రేలియా సిడ్నీ దగ్గర లాంగ్ రీఫ్ బీచ్‌లో సముద్రపు గుల్లలు పట్టిపోయిన ఒకటి దొరికింది, ఇంకా నడుస్తూనే ఉంది. ఆ తర్వాత దానికి గుల్లల పేరే పెట్టుకున్నారు సేకరించేవాళ్లు.

ఇక బొంబాయి తేడా. పాత వాచీ డయల్‌ను గీకి, కొత్తగా రంగు వేసి, అక్షరాలు అచ్చు కొట్టి, కేసును అద్దంలా పాలిష్ పట్టి అమ్మే పని ఆ ఊళ్లో ఏళ్లుగా నడుస్తోంది, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో కనిపించేవాటిలో చాలా వరకు అవే. పట్టుకోవడం కష్టం కాదు. లూప్‌లో అక్షరాల అంచులు పొంగినట్టు ఉంటాయి, అడుగున చిన్న సంఖ్య ఉండదు లేదా వంకరగా ఉంటుంది, కేసు మూలలు సబ్బు అరిగినట్టు గుండ్రంగా అయిపోతాయి. వెలిగే రంగు కూడా చూడండి: స్విస్ డయల్ అడుగున టి అనే అక్షరం ఉంటే ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం, దాని శక్తి సుమారు 12 ఏళ్లకు సగమైపోతుంది. 1970 ల టి డయల్ చీకట్లో ఇప్పుడు ధగధగ మెరిస్తే కొత్తగా పూసినట్టే. ఇంకా పాతవాటిలో, 1950 లవి అయితే, రేడియం ఉండొచ్చు. అవి మెరవవు గానీ రేడియోధార్మిక శక్తి మాత్రం పోలేదు, వేల ఏళ్లు ఉంటుంది, మూత తీసి గోకడం, ఆ పొడి ఊదడం అస్సలు వద్దు.

బేరం దగ్గర ఇలా అడగండి. "చాచా, దీని మూత ఒకసారి తీస్తారా?" తీయను అంటే లోపల ఏదో ఉంది. తీసిన తర్వాత ఫొటోలు తీసుకోండి: డయల్ దగ్గరగా, వెనక మూత, మిషన్, చావి, పక్క నుంచి కేసు. ఇంటికొచ్చి అదే మోడల్‌వి, దేశం తెలిసినవి, ఒరిజినల్ అని ఖాయమైనవి ఫొటోలు పక్కన పెట్టి ముల్లు ముల్లుకూ పోల్చండి. పుస్తకంలో గానీ ఫోన్‌లో గానీ ప్రతి వాచీకి ఒక వరుస రాసుకోవాలి: కేసు నంబరు, డయల్ నంబరు, సీరియల్, వారం భాష, డయల్ మీద పదాలు అక్షరం పొల్లుపోకుండా, ఎవరి దగ్గర కొన్నారో, వాళ్లు ఏ దేశం నుంచి తెచ్చారని చెప్పారో. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. మిర్యాలగూడలోనో దేవరకొండలోనో ఒక ఇంట్లో పెద్దమనిషి "ఇది కువైట్‌లో కొన్నా బిడ్డా" అని చెప్తే, ఆ మాట, సీరియల్ చెప్పే సంవత్సరం, అరబిక్ చక్రం మూడూ ఒకదానితో ఒకటి కలిస్తే, ఆ వాచీ ఎవరి చేతా మారలేదని నమ్మడానికి ఇంతకంటే గట్టి ఆధారం ఇంటర్నెట్‌లో కొన్నప్పుడు దొరకదు. అందుకే బజారు కంటే ఇండ్లే మేలు అంటాను. మురికిగా, అద్దం గీతలు పడి, ఆగిపోయి ఉన్నా సరే. ఆగిపోయిన 6309 ను నడిపించడం ఆయిలింగ్‌తో అయిపోయే పని కావచ్చు, గీకిన డయల్‌ను మాత్రం వెనక్కి తేలేం.

విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం ముందే లెక్కేసుకోండి, చౌకగా దొరికింది అన్న సంబరం పార్సెల్ వచ్చే రోజు తగ్గిపోతుంది.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పి రావాలి: పాలిష్ వద్దు, తీసిన పాత సామాను ఏదీ పారేయకుండా కవర్‌లో పెట్టి ఇవ్వాలి. పాత ముల్లు, పాత చావి రేపు ఇంకో వాచీకి అక్కరకొస్తాయి. రబ్బరు రింగులు మాత్రం పాతవి ఉంచొద్దు, మన ఎండలకు అవి గట్టిపడి పగిలిపోతాయి, వెనక మూతవి, చావివి కొత్తవి వేయించండి. వేసిన తర్వాత కూడా ప్రెషర్ టెస్ట్ చేయించకుండా వాచీని నాగార్జునసాగర్ నీళ్లల్లోకి కాదు కదా, బావి ఈతకు కూడా తీసుకెళ్లకండి. డయల్ మీద 150 మీటర్లు అని రాసింది 40 ఏళ్ల కిందట.