ఫిట్స్ వచ్చేదాకా ఆగొద్దు: ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉన్న పసిబిడ్డకు ముందే ఏం చేయించాలి

కడుపులో ఉండగా తీసిన స్కాన్‌లోనో పుట్టాకో బిడ్డ గుండెలో గడ్డలు కనిపిస్తే, "అవే తగ్గిపోతాయి" అన్నారని ఊరుకోకండి. చాలావరకు తగ్గుతాయి, నిజమే. కానీ ఒకటికి మించి ఉంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు సమస్య ఉందేమో చూపించాలి. ఒంటిమీద ఆకుల్లాంటి తెల్లమచ్చలు కూడా దీని గుర్తే, మనవాళ్లు బొల్లి అనుకుని వదిలేస్తారు. ఈ జబ్బున్న పదిమందిలో ఎనిమిది మందికి పైగా మూర్ఛ వస్తుంది, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే.

జబ్బు ఖాయమవగానే పిల్లల న్యూరాలజిస్టుని అడగాల్సింది: ఫిట్స్ లేకపోయినా ఈఈజీ (తలకి వైర్లు అంటించి మెదడు పనితీరు చూసే పరీక్ష) ఎప్పుడెప్పుడు తీస్తారు? 2021 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఏడాది నిండేదాకా ఆరు వారాలకోసారి, ఆ తర్వాత రెండేళ్లు నిండేదాకా మూడు నెలలకోసారి తీయాలి, ఎందుకంటే ఫిట్స్ మొదలవక ముందే అందులో తేడా తెలియొచ్చు. ఆ రోజు బిడ్డ తలకి నూనె, ఆముదం ఏదీ రాయకండి, వైర్లు అంటుకోవు. నిద్రలో కూడా రికార్డు కావాలి కాబట్టి దారిలో పడుకోనివ్వకుండా, అక్కడికి వెళ్లాకే పాలు పట్టండి.

ఈఈజీలో తేడా కనిపిస్తే ఫిట్స్ రాకముందే విగాబాట్రిన్ అనే మూర్ఛ మందు మొదలుపెట్టాలా అనేది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఎక్కువగా యూరప్‌లో జరిగిన ఎపిస్టాప్ అధ్యయనంలో ముందుగా ఇచ్చిన పిల్లల్లో ఫిట్స్ ఆలస్యమయ్యాయి, తీవ్రత తగ్గింది. అమెరికాలో చేసిన ప్రివెంట్ అధ్యయనంలో మాత్రం ఇన్ఫాంటైల్ స్పాజమ్స్ (పసిపిల్లలకి ఒళ్లు ఒక్కసారిగా బిగుసుకునే ఒక రకం ఫిట్స్) తగ్గినా, రెండేళ్ల వయసుకి తెలివితేటల్లో తేడా కనిపించలేదు. ఈ మందుతో పక్కచూపు దెబ్బతినే ప్రమాదం ఉంది, పోయిన చూపు తిరిగి రాదు, అందుకే కంటి పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో ముందే రాయించుకోండి. మొదలుపెట్టాక సొంతంగా ఆపేయొద్దు. ప్రతి మెడికల్ షాపులో దొరకదు, ఉన్న మందు అయిపోకముందే తెప్పించుకోండి.

మందు ఇచ్చినా ఇవ్వకపోయినా నిద్ర లేచే వేళ బిడ్డని కనిపెట్టి ఉండండి. ఇన్ఫాంటైల్ స్పాజమ్స్ ఇలా ఉంటాయి: తల ఒక్కసారిగా ముందుకు వాలడం, చేతులు చాచి బిగుసుకోవడం, రెండు మూడు సెకన్లే, కాసేపాగి మళ్లీ, అలా వరసగా. ఇంట్లో పెద్దవాళ్లు ఉలికిపాటనో కడుపునొప్పనో దిష్టనో అంటారు. వాళ్లది ప్రేమే, కానీ ఆ మాట విని ఒక్క రోజు కూడా ఆగకండి. దుప్పటి తీసి, ముఖం, చేతులు, కాళ్లు అన్నీ పడేలా ఫోన్‌లో వీడియో తీసి, అదే రోజు డాక్టరుకి చూపించండి.