పోస్ట్‌గ్రెస్‌లో ఉన్న టేబుల్ లేదంటోందా?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సెలెక్ట్ కొడితే ‘ఆర్డర్స్’ అనే రిలేషనే (అంటే టేబులే) లేదంటోందా? కంగారు పడకండి, టేబుల్ ఎక్కడికీ పోలేదు. డబుల్ కోట్స్ లేకుండా రాసిన పేర్లన్నిటినీ పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాల్లోకి మార్చేస్తుంది. (ఒరాకిల్ పెద్దక్షరాల్లోకి మారుస్తుంది. ఎస్‌క్యూఎల్ ప్రమాణం చెప్పేదీ అదే!) కోట్స్‌లో పెడితే మాత్రం ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. కోడ్ నుంచి టేబుల్స్ తయారుచేసే సీక్వలైజ్, ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ లాంటి టూల్స్ కోట్స్ పెట్టి మరీ క్యాపిటల్ ‘ఓ’తో టేబుల్ చేసి పెడతాయి. మీరు కోట్స్ లేకుండా అడిగితే పోస్ట్‌గ్రెస్ చిన్న ‘ఓ’తో వెతుకుతుంది, అందుకే దొరకదు.

ముందు పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్) బ్యాక్‌స్లాష్ డీటీ కొట్టి అసలు పేరు చూడండి. తర్వాత ఆల్టర్ టేబుల్ అని రాసి, పాత పేరు కోట్స్‌లో పెట్టి, రీనేమ్ టు పక్కన కొత్త పేరు కోట్స్ లేకుండా ఇవ్వండి. కాలమ్స్‌కీ ఇదే మందు. కోడ్‌లోని మోడల్‌లో కూడా పేరు మార్చండి, లేకపోతే యాప్ మొరాయిస్తుంది. నన్నడిగితే, కొత్త టేబుల్స్‌కి అన్నీ చిన్నక్షరాలే, మధ్యలో అండర్‌స్కోర్. కోట్స్ జోలికే పోవద్దు.