పాత సామాన్లతో పండగ గోడ – మూడో పాఠం: పెళ్ళిపత్రికల తోరణం, గాజుల పువ్వు

రెండో పాఠంలో అట్టపెట్టెలు విప్పి పలకలు చేసుకున్నాం. వాటిలో అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్నదాన్ని ఒకటి పక్కన పెట్టుకోండి, చివర్లో కావాలి. ఈసారి సరుకు ఏ ఇంట్లో చూసినా బీరువా మీదో, టీవీ కింద సొరుగులోనో పేరుకుపోయి ఉండేదే: పెళ్ళిపత్రికలు. హైదరాబాద్ ఛత్తా బజార్లో అచ్చు వేయించిన పత్రికైతే మందం, రంగు, బంగారు మెరుపు అన్నీ దానికే ఉంటాయి. మళ్ళీ రంగు పూయడం దండగ. పైగా పోస్టర్ కలర్ పూసిన కాగితాన్ని మడిస్తే, మడత దగ్గరే రంగు పెచ్చులూడుతుంది.

ముందు గుమ్మం కొలవండి. ద్వారబంధం బయటి అంచు నుంచి బయటి అంచుకి తీసుకోవాలి, తలుపు కొలత కాదు. అపార్ట్‌మెంట్లలో వీధి తలుపుకి 42 అంగుళాలు వచ్చిందనుకుందాం. ఆకు వెడల్పు 2 అంగుళాలు. ఆకులు బేసి సంఖ్యలో ఉండాలి, అప్పుడే ఒక ఆకు సరిగ్గా గుమ్మం మధ్యలో పడుతుంది. 15 ఆకులు, ఒక ఆకు మధ్య నుంచి పక్క ఆకు మధ్యకి రెండుముప్పావు అంగుళాలు. అంటే 14 ఎడాలకి 38న్నర, రెండు చివర్లా సగం సగం ఆకు కలిపితే 40న్నర. ఇటూ అటూ ముప్పావు అంగుళం వదులు మిగులుతుంది, అంత చాలు. మీ గుమ్మం 36 అంగుళాలే అయితే ఎడం తగ్గించకండి. 13 ఆకులు వేసుకోండి. ఎడం తగ్గితే ఆకులు ఒకదానిమీద ఒకటి ఎక్కి, తోరణం గుడ్డపీలికలా కనబడుతుంది.

అయిదు అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల పొడవు ఉండే పత్రికలో ఒక్కో రేకుకి రెండు ఆకులు వస్తాయి. రెండు రేకుల పత్రికలు నాలుగుంటే 16 ఆకులు: 15 తోరణానికి, ఒకటి చెయ్యి తిరగడానికి. ఆకు పొడవు 7 అంగుళాల్లో పై అంగుళం తాడు మీద మడవడానికి పోతుంది, కనిపించే ఆకు 6 అంగుళాలు.

కత్తెర పెట్టే ముందు రెండు పనులున్నాయి. మొదటిది, పత్రిక మీది వినాయకుడి బొమ్మని విడిగా కత్తిరించి దాచండి, గాజుల పువ్వుకి నడిబొడ్డు అదే. రెండోది, పేర్లు, ముహూర్తం ఉన్న ముఖం వెనక్కి పోయేలా చూసుకోండి. లేకపోతే పండక్కి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగిపోయి వరుడి డిగ్రీలు చదువుతూ నిలబడతారు.

ఇక ఈ పాఠంలో అసలు విషయం. కాగితానికీ చెక్కలాగే పోగు ఉంటుంది. నార అంతా ఒక దిక్కుకే పడుకుని ఉంటుంది. పోగు వెంట మడిస్తే మడత కత్తి అంచులా వస్తుంది. పోగుకి అడ్డంగా మడిస్తే చిట్లి, లోపలి తెల్లనార బయటపడుతుంది. ఎర్రటి ఆకు మధ్యలో తెల్లగీత చూసి చాలామంది పత్రికది నాసిరకం కాగితం అనుకుంటారు. తప్పు కాగితానిది కాదు, దిక్కుది. కనిపెట్టడం తేలిక: రేకుని రెండు అరచేతుల మధ్య పెట్టి మడత పడకుండా వంచి చూడండి, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. ఏ వైపు తేలిగ్గా వంగితే పోగు ఆ మడత వెంటే ఉన్నట్టు.

మామిడాకుకి నడుమ ఈనె కావాలి. ఆ ఈనె పోగు వెంట పడాలి, అంటే పోగు ఏడంగుళాల వైపు పారాలి. మీ పత్రికలో అడ్డంగా ఉంటే పారేయనక్కర్లేదు. దాన్ని అడ్డం తిప్పి 5 అంగుళాల చిట్టి ఆకులు కోయండి, రేకుకి మూడు వస్తాయి. దేవుడి గూటికి అవే ముద్దుగా ఉంటాయి.

ఆకు గీయడానికి ఒక అట్టముక్క మీద అచ్చు తయారుచేసి, దాని చుట్టూ పెన్సిల్‌తో గీసుకోండి. పై అంగుళం పట్టీ వెడల్పు ముప్పావు అంగుళమే ఉండాలి, ఆ కింద ఆకు పొట్ట 2 అంగుళాలకి విచ్చుకుని, కొన దగ్గర సన్నబడాలి. పొట్ట మరీ కిందికి జారితే మామిడాకు కాస్తా బాదమాకవుతుంది. ఎక్కువ వెడల్పు పైనుంచి మూడో వంతు దగ్గర ఉంచండి. ఈనె కోసం సిరా అయిపోయిన బాల్‌పెన్ను, స్కేలు తీసుకుని ఆకు వెనకవైపు నడిమధ్య గట్టిగా ఒకే గీత గీయండి. పట్టీని మాత్రం వదిలెయ్యండి. రెండోసారి గీస్తే గీత పక్కకి తప్పి మడత జంటగా వస్తుంది. తర్వాత ఆకుని సగం దాకా మడిచి వదలండి, పూర్తిగా నొక్కకూడదు. ఆ వంపే ఆకుని గాలికి చుట్టుకుపోకుండా నిలబెడుతుంది.

తాడుగా నూలుది వాడండి: పాత లంగా నాడా, మిఠాయి డబ్బాకి కట్టిన నూలు దారం, ఏదైనా సరే. నైలాన్ మీద ఆకులు జారిపోయి తెల్లారేసరికి అన్నీ మధ్యలో గుంపు కడతాయి. 42 అంగుళాలకి రెండు వైపులా అడుగు చొప్పున కలిపి 66 అంగుళాల తాడు కోసుకోండి. నట్టనడుమ స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టి, అక్కణ్ణించి ఎడమకి ఏడు, కుడికి ఏడు గుర్తులు రెండుముప్పావు అంగుళాల ఎడంతో పెట్టండి. ఒక చివర నుంచి మొదలుపెడితే ప్రతి గుర్తు దగ్గరా నూలుపోగంత తప్పు పేరుకుని, మధ్య ఆకు గుమ్మం మధ్యకి రాదు.

పట్టీని తాడు మీదుగా వెనక్కి మడవాలి, ముందుకి కాదు. పత్రిక పైముఖానికి నున్నటి మెరుపు పొర ఉంటుంది, దాని మీద ఫెవికాల్ ఆరాక తొక్కలా లేచి వస్తుంది. వెనక్కి మడిస్తే ఉత్త కాగితానికి ఉత్త కాగితం తగులుతుంది. రెండు ముఖాలూ మెరిసే పత్రికైతే అతికే చోట గరుకు కాగితంతో రుద్ది మెరుపు పోగొట్టండి. పట్టీ మడత పోగుకి అడ్డంగానే పడుతుంది కదా, అదీ చిట్లదా అంటే, తాడు లోపల ఉండడం వల్ల మడత గుండ్రంగా తిరుగుతుంది. గోటితో నొక్కి పదును చేయకపోతే చిట్లదు. కందిగింజంత జిగురు పట్టీకి, ఆవగింజంత తాడుకి. బట్టల క్లిప్పు పెట్టి అరగంట వదలండి. వానపట్టిన రోజైతే గంట. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది కాబట్టి పండగ పొద్దున చేసి అప్పుడే కడదామనుకోకండి.

మీ వరండాలో గాలి ఎక్కువైతే ప్రతి ఆకు కొన వెనక ఒక చింతపిక్క అతికించండి. పిక్క నున్నగా ఉండి జిగురు పట్టదు. అష్టాచెమ్మాకి అరగదీసినట్టు ఒక వైపు బండకేసి రాస్తే తెల్లపప్పు బయటపడి పట్టేస్తుంది.

ఇప్పుడు గాజుల పువ్వు. ఒక గాజు నడుమ పెట్టి చుట్టూ ఆరు పేరిస్తే, అన్నీ ఒకే కొలతవైతే, ఆరూ ఒకదాన్నొకటి తాకుతూ ఖాళీ లేకుండా కూర్చుంటాయి. ఏడు గాజులు కావాలి. చిక్కంతా ఆ ‘ఒకే కొలత’లోనే. 2-4 నంబరు గాజు లోపలి అడ్డకొలత రెండుంబావు అంగుళాలు, అంటే 57 మిల్లీమీటర్లు. 2-6 దాదాపు 60. నడుమ 2-6 పెట్టి చుట్టూ 2-4 పేరిస్తే ఒక చోట సందు మిగిలిపోతుంది. తారుమారు చేస్తే ఆరోది పట్టదు. చార్మినార్ పక్కన గాజులమ్మే లాడ్ బజార్లో చెప్పే కొలతలు లోపలివి, పువ్వుకి కావలసింది బయటి కొలత. కాబట్టి నంబరు ఒకటే అయినా సన్నటి మట్టిగాజూ, లావు ప్లాస్టిక్ గాజూ కలపకండి.

గాజు మీద ఫెవికాల్ నిలవదు, అందుకే ముందు గుడ్డ చుట్టాలి. పాత చీర అంచుని అరంగుళం పట్టీలుగా కోయండి, ఒక్కో గాజుకి ఒక మూర. ఏడు మూరలు, చీర అంచులో సగానికి కాస్త ఎక్కువ. పట్టుచీరైతే కత్తెర పెట్టే ముందు అమ్మనో అత్తనో అడగండి. పాత అసలు జరీలో వెండి ఉంటుంది, దాన్ని కొనేవాళ్ళున్నారు. అలాంటి చీరని గోడకెక్కించడం పొదుపు కాదు.

అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, గిన్నెలో నీళ్ళ మీదుగా కాల్చి చూడండి. కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టర్. కాలిన వెంట్రుకల వాసనొచ్చి బూడిద నలిగితే పట్టు. కాగితం కాలిన వాసనైతే నూలు. పాలిస్టర్ పట్టీ అంచుల వెంట వెలిగించిన అగరుబత్తి కొన ఆనీ ఆనకుండా నడిపిస్తే పోగులు కరిగి అతుక్కుంటాయి, ఇక పీచు లేవదు. పట్టు, నూలు అలా కరగవు, మాడతాయి. వాటికి ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నీళ్ళు కలిపి, కోయబోయే గీత మీద ముందే పూసి, ఆరాక కోయాలి. కోశాక పూస్తే బ్రష్షుకే పోగులు అంటుకుని వస్తాయి.

పట్టీని ఏటవాలుగా, ప్రతి చుట్టూ ముందు చుట్టుని మూడో వంతు కప్పేలా తిప్పండి. మొదలు, చివర జిగురు చుక్క. ఏడూ చుట్టాక, తాకే ప్రతి చోటా అదే రంగు దారంతో నాలుగు చుట్లు తిప్పి ముడేయండి. మొత్తం 12 ముడులు: నడుమ గాజుకి ఆరు, చుట్టూ ఆరు. ముందు ముడులన్నీ వదులుగా వేసి, పువ్వు సరిచూసి, అప్పుడు బిగించండి. మొదటి ముడే బిగిస్తే చివరిది వంకరపోతుంది. పువ్వు దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది. పక్కన పెట్టిన అట్ట మీద 25 సెంటీమీటర్ల భోజనం ప్లేటు బోర్లించి గుండ్రంగా కోసి, పువ్వుని దానికి దారంతో కుట్టి, నడుమ గాజులో వినాయకుణ్ణి అతికించండి.

తగిలించడం సంగతి. తోరణం మొత్తం బరువు 50 గ్రాములు దాటదు, కాబట్టి ద్వారబంధానికి ఉన్న పాత మేకులే చాలు. పువ్వు బరువైనది. సున్నం గోడకి టేపు అసలు అంటదు. డిస్టెంపర్ గోడకైతే పొడితో సహా ఊడి కింద పడుతుంది. ప్లాస్టిక్ ఎమల్షన్‌కి గట్టిగా పట్టుకుంటుంది గానీ, తీసేటప్పుడు రంగు రేకులా ఊడి వస్తుంది, అద్దె ఇంట్లో ఇది అడ్వాన్సుకి ఎసరు. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి, గోడకి ఆనించినట్టే పక్కకి లాగితే నష్టం తక్కువ. అంతకన్నా కర్టెన్ రాడ్ నుంచో, అటక అంచు నుంచో నూలుతాడుతో వేలాడదీయడం మేలు. కరెంటు వైర్లకి, స్విచ్ బోర్డుకి కట్టొద్దు. దీపావళికి ప్రమిదలు పెట్టే గుమ్మమైతే ఆ సాయంత్రం తోరణం విప్పి లోపల పెట్టండి, ఇదంతా కాగితమే.

నాలుగో పాఠానికి ఇరవై పాల ప్యాకెట్లు కావాలి. ఇప్పట్నించి ప్యాకెట్ మూల తుంచకుండా పై అంచు మొత్తం అడ్డంగా కోయండి. ఖాళీ అయ్యాక సబ్బునీళ్ళతో లోపలా బయటా కడిగి, తీగ మీద బోర్లించి ఆరబెట్టండి. పాల వాసన మిగిలితే గోడ మీదికి చీమలొస్తాయి.