చవకలో దీవి ప్రయాణం: ఎక్కడ తగ్గించుకోవాలి, ఎక్కడ తగ్గించుకోకూడదు

తక్కువ ఖర్చుతో ఒక ఉష్ణమండల దీవికి వెళ్ళి రావాలనుకునేవారు సాధారణంగా విమానం టికెట్టు, గది అద్దె అనే రెండు అంకెలు కూడుకుని లెక్క తేలిపోయిందనుకుంటారు. అసలు లెక్క అక్కడే మొదలవుతుంది. దీవి అంటేనే చుట్టూ నీరు కాబట్టి, మీరు తాగే నీళ్ళ సీసా నుంచి గదిలో ఫ్యాను తిరగడానికి జనరేటరులో పోసే డీజిలు దాకా చాలా వస్తువులు పడవ మీదే రావాలి. మీరు కూడా అలాగే రావాలి. ఈ ప్రయాణంలో ఎదురయ్యే ఖర్చులు, ఆలస్యాలు, చివరికి సంతోషాలు కూడా చాలామటుకు ఆ నీటిని దాటే చోటే ఉంటాయి. అనుభవం మీద నేను పెట్టుకున్న నియమం ఇది: గది దగ్గర ఎంతైనా తగ్గించుకోవచ్చు కానీ, పడవ దగ్గర, ఆరోగ్యం దగ్గర, తిరుగు ప్రయాణానికి ఉంచుకునే వ్యవధి దగ్గర తగ్గించుకోకూడదు.

ముందు సముద్రాన్ని చూడండి

ప్రయాణ తేదీలను చవకగా దొరికిన టికెట్టును బట్టి కాక, సముద్రాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. సీజను కాని నెలల్లో అద్దెలు బాగా తగ్గుతాయి, తీరాలు ఖాళీగా ఉంటాయి, బేరానికి వీలుంటుంది. అయితే ఆ తగ్గిన ధర వెనక ఉన్నది వానా, గాలా అన్నది విడిగా తెలుసుకోవాలి. మధ్యాహ్నం గంటసేపు దంచి కొట్టి వెలిసిపోయే వాన వల్ల పెద్ద నష్టం లేదు. ఆ గంట అరుగు మీద కూర్చుని చూడదగ్గదే. గాలికి అలలు లేచి పడవలు ఆగిపోయే కాలం మాత్రం వేరు. అప్పుడు నీరు కలక బారుతుంది, పగడపు దిబ్బలు చూపించే పడవలు బయలుదేరవు, ఒక్కోసారి దీవి నుంచి బయటపడడమే కుదరదు. అందువల్ల వర్షపాతం పట్టిక ఒక్కటే చూసి ఊరుకోక, ఆ నెలలో గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో, మీరు దిగబోయే తీరం ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా చూసుకోవాలి.

ఈ దిక్కుల తేడా ఎంతటిదో థాయిలాండ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలు కురిస్తే, మరో వైపు, థాయిలాండ్ గల్ఫ్‌లో ఉన్న కో సముయిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. శ్రీలంకలో నైరుతి రుతుపవనాల వేళ పడమటి తీరం అల్లకల్లోలంగా ఉంటే, తూర్పున ట్రింకోమలీ వైపు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. హవాయి పెద్ద దీవిలోనైతే తూర్పున హీలో పట్టణం ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వానలో తడుస్తుండగా, కొండల చాటున ఉన్న పడమటి కోనా తీరం పొడిగా ఉంటుంది. కరీబియన్ వైపు తుఫానుల సీజను జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు ఉంటుంది, సెప్టెంబరులో ఉద్ధృతి ఎక్కువ. కానీ దక్షిణ అమెరికా తీరానికి దగ్గరగా ఉన్న అరూబా, బొనేర్, కురసావ్ దీవులు తుఫానులు సాధారణంగా నడిచే దారికి దక్షిణాన పడతాయి. కాబట్టి ‘అక్కడ ఇప్పుడు వానాకాలం’ అన్న ఒక్క మాటకు బెదిరి మంచి చవక నెలను వదులుకోవద్దు, ‘ఏమీ కాదులే’ అన్న మాటను నమ్మి అలల కాలంలో టికెట్టు కొనవద్దు. రద్దీ మొదలయ్యే ముందు, ముగిసిన తరువాత వచ్చే మూడు నాలుగు వారాలు నా దృష్టిలో అన్నిటికంటే లాభసాటి.

రేవు నుంచి దీవి దాకా

చవక గదిని చూసి మురిసిపోయినవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఈ చివరి మజిలీయే. మాల్దీవులలో 2009 ప్రాంతంలో నిబంధనలు మారి, జనం నివసించే దీవుల్లో గెస్ట్‌హౌసులు తెరుచుకున్నాకే ఆ దేశం సామాన్య ప్రయాణికుడికి అందింది. అయినా విమానాశ్రయం నుంచి ఆ దీవికి చేరడం మరో ఖర్చుగానే మిగిలింది. అక్కడి సీప్లేన్లు, అంటే నీటి మీద దిగే విమానాలు, పగటి వెలుగులోనే ఎగురుతాయి. చవకైన ఫెర్రీలు నెమ్మదిగా, తక్కువసార్లు నడుస్తాయి, శుక్రవారాల్లో సాధారణంగా నడవవు. రాత్రి దిగే విమానానికి కాస్త తక్కువకు టికెట్టు కొన్నవారు, ఆ మిగులుకు మించిన అద్దె కట్టి రేవు దగ్గర ఒక రాత్రి గడపవలసి వస్తుంది. అందుచేత టికెట్టు కొనక ముందే ‘చివరి పడవ ఎన్నింటికి, ఏ రోజుల్లో, ఏ రేవు నుంచి’ అన్న మూడు ప్రశ్నలకూ గెస్ట్‌హౌసు వారి నుంచే రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. ప్రకటనలో కనిపించే వేళలు పాతవై ఉండవచ్చు, రేవు దగ్గర నివసించేవారికి మాత్రం నేటి వేళ తెలుస్తుంది.

నాకు ఈ పాఠం ఒక రాత్రితో వచ్చింది. విమానం గంటన్నర ఆలస్యమైంది, నేను రేవు చేరేసరికి చివరి పడవ వెనక దీపం ఇంకా కనబడుతూనే ఉంది. తెల్లారేదాకా చెక్క బల్ల మీద, సంచిని తల కింద పెట్టుకుని, దోమలతో గడిపాను. అవతల దీవిలో నేను ముందే డబ్బు కట్టిన గది ఖాళీగా ఉండిపోయింది. అప్పటి నుంచి, విమానం దిగడానికీ చివరి పడవకూ మధ్య నాలుగు గంటల వ్యవధి లేకపోతే ఆ టికెట్టు ఎంత చవకైనా నేను కొనడం లేదు. తిరుగు ప్రయాణంలో ఇంకా జాగ్రత్త కావాలి. అంతర్జాతీయ విమానం ఎక్కవలసిన రోజుకు ముందు రోజే దీవి వదిలి ప్రధాన భూభాగానికో విమానాశ్రయం ఉన్న దీవికో చేరుకోవాలి. సముద్రం ఆ ఒక్క ఉదయం మొండికేస్తే పోయే టికెట్టు ధర ముందు ఒక రాత్రి అద్దె చాలా చిన్నది.

పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్లు ఎక్కడ ఉన్నాయో చూడండి. మనుషుల సంఖ్యకు సరిపడా కనిపించకపోయినా, పడవ అంచు నీటికి మరీ దగ్గరగా ఉన్నా దిగిపోవడానికి మొహమాటపడకండి. చిన్న పడవల్లో ముందు భాగం ఎగిరెగిరి పడుతుంది కనుక, నడుము నొప్పి ఉన్నవారు వెనక వైపు, కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు మధ్యలో కూర్చుని దూరాన ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు నిలపాలి. వాంతి మాత్ర పడవ కదిలాక వేసుకుంటే ఉపయోగం లేదు, కనీసం అరగంట ముందే వేసుకోవాలి. కొన్ని చోట్ల జెట్టీ ఉండదు. మోకాలి లోతు నీళ్ళలో దిగి, సామాను నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు నడవాలి. చక్రాల పెట్టె ఎంత పనికిరాని వస్తువో అప్పుడు తెలుస్తుంది. భుజాన వేసుకునే సంచి, దాని లోపల మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో పాస్‌పోర్టు, డబ్బు, మందులు ఉంటే చాలు.

ఒకే ప్రయాణంలో నాలుగు దీవులు చుట్టి రావాలన్న ఆశ కూడా ఈ మజిలీల వల్లే ఖరీదవుతుంది. దీవి మారిన ప్రతిసారీ రెండు వైపులా బండి కిరాయి, పడవ ఛార్జీ, ఒక పూట సమయం పోతాయి. వారం రోజుల్లో మూడుసార్లు మారినవారికి మిగిలే జ్ఞాపకం రేవులదే. ఒక దీవిలో కుదురుగా ఉండి, మహా అయితే రెండోదానికి ఒకసారి మారడం ఖర్చుకూ ఒంటికీ మంచిది.

గది

గది విషయంలో నేను పిసినారిని. తీరం కనబడే గదికీ, తీరానికి పది నిమిషాల నడకలో ఉన్న గదికీ అద్దెలో ఎంతో తేడా ఉంటుంది, పగలంతా మీరు ఎలాగూ తీరంలోనే ఉంటారు. మొదటి రెండు రాత్రులకు మాత్రమే ముందుగా డబ్బు కట్టి, మిగిలిన రోజుల సంగతి అక్కడకు వెళ్ళాక మాట్లాడుకోవడం రద్దీ లేని కాలంలో బాగా పనిచేస్తుంది. వారానికి తీసుకుంటామంటే తగ్గించని యజమాని అరుదు. రద్దీ కాలంలో మాత్రం ఈ సాహసం వద్దు.

గదిలో అడుగుపెట్టగానే సంచి దించక ముందు కొళాయి తిప్పి చూడండి. నీళ్ళు చేతికి జిగటగా తగిలి, సబ్బు నురగ రాకపోతే అది ఉప్పు కలిసిన బావి నీరు. వారం రోజులు దానితో స్నానం చేస్తే జుట్టు కొబ్బరి పీచవుతుంది. తరువాత పరుపు అంచు ఎత్తి కుట్ల వెంట నల్లని చుక్కలు ఉన్నాయేమో చూడాలి, ఉంటే నల్లులు ఉన్నట్టే. కిటికీ జాలీకి చిరుగులు, తలుపు కింద సందు, ఫ్యాను వేగం చూడండి. కరెంటు ఇరవై నాలుగు గంటలూ ఉంటుందా, జనరేటరు ఎన్నింటికి ఆపుతారు అని అడగండి. జనరేటరు పక్క గదిని మాత్రం ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. ఇంతా చూశాక బల్లులు, చీమలు, తడి వాసన మిగిలే ఉంటాయి. వాటితో సర్దుకోలేనివారికి చవక దీవి ప్రయాణం సుఖంగా ఉండదు, ఆ మాట ముందే అనుకోవడం మేలు.

డబ్బు, బండి

చిన్న దీవుల్లో ఏటీఎం ఉండకపోవచ్చు, ఉన్నది వారాంతంలో ఖాళీ అయిపోవచ్చు. దాటక ముందే రెండు మూడు రోజులకు సరిపడా నగదు తీసి రెండు చోట్ల దాచుకోండి. కార్డు గీసినప్పుడు యంత్రం ‘మీ దేశపు డబ్బులో కట్టమంటారా’ అని అడిగితే వద్దని, స్థానిక డబ్బునే ఎంచుకోవాలి. మొదటి పద్ధతిలో మారకం రేటును అవతలి వారు నిర్ణయిస్తారు, అది మీకు అనుకూలంగా ఉండదు. బుకింగ్ సమయంలో కనిపించని పర్యావరణ రుసుము, రేవు రుసుము వంటివి చాలా దీవుల్లో విడిగా వసూలు చేస్తారు కనుక, ‘ఇది మొత్తం ధరేనా’ అని ప్రతిచోటా అడగడం అలవాటు చేసుకోండి.

అద్దె స్కూటరు చవకే కానీ, ఈ ప్రయాణాల్లో అతి పెద్ద నష్టాలు దానివల్లే వస్తాయి. ద్విచక్ర వాహనానికి చెల్లే లైసెన్సు, అంతర్జాతీయ అనుమతి పత్రం లేకుండా నడిపి పడితే, ప్రయాణ బీమా ఉన్నా ఆస్పత్రి ఖర్చు సాధారణంగా ఇవ్వరు. బండి తీసుకునేటప్పుడు దాని చుట్టూ తిరిగి ప్రతి గీతనూ యజమాని ఎదుటే వీడియో తీయండి, బ్రేకులు పట్టి చూడండి, డిపాజిట్టుగా పాస్‌పోర్టు ఇవ్వకండి. నడపడం రానివారు నేర్చుకోవలసిన చోటు ఇసుక పరుచుకున్న కొండ మలుపు కాదు.

ఎండ, నీళ్ళు, దోమలు

భూమధ్యరేఖకు దగ్గరలో సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు. చర్మాన్ని కాల్చే కిరణాల తీవ్రతను చెప్పే అతినీలలోహిత సూచిక (యూవీ ఇండెక్స్) మధ్యాహ్నం 11 దాటడం అక్కడ మామూలు, మబ్బు పట్టినంత మాత్రాన అది సున్నా కాదు. మొదటి రోజే వీపు కాల్చుకుని మిగిలిన ఐదు రోజులూ గదిలో బోర్లా పడుకునేవారు ప్రతి గెస్ట్‌హౌసులో ఒకరు కనబడతారు. నీళ్ళలో తేలుతూ చేపలను చూసేటప్పుడు వీపు, మోకాలి వెనక భాగం కాలుతున్న సంగతి చల్లదనం వల్ల తెలియదు, అందుకని పూర్తి చేతుల చొక్కాతోనే నీళ్ళలో దిగడం మంచిది. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు గంటలకోసారి రాయాలి. దీవిలో దాని ధర ఎక్కువ కనుక ఇంటి నుంచే తీసుకెళ్ళండి, అయితే లేబులు చదవండి: పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు కలిసిన రకాలను పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం పలావ్ 2020 జనవరి 1 నుంచి నిషేధించింది, హవాయి 2021 జనవరి 1 నుంచి వాటి అమ్మకాన్ని ఆపింది.

అలలున్న తీరంలో రిప్ కరెంటు గురించి తెలియకుండా దిగకూడదు. రెండు అలల గుంపుల మధ్య నున్నగా, ప్రశాంతంగా కనిపించే నీటి చాలు ఈతకు అనువైన చోటులా ఉంటుంది, తీరా అదే లోపలికి లాగుతుంది. లాగినప్పుడు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతారు. తేలుతూ, తీరానికి సమాంతరంగా ఈది పక్కకు బయటపడ్డాక ఒడ్డుకు రావాలి. పగడం గీసుకుంటే చిన్న గాయమే కదా అని వదిలేయక వెంటనే మంచినీళ్ళతో కడిగి, లోపల ముక్కలు లేకుండా శుభ్రం చేయాలి, లేకపోతే అది చీము పట్టి రోజుల తరబడి మానదు.

డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పగటి పూట కుడుతుంది కాబట్టి దోమతెర ఒక్కటే చాలదు, పగలు కూడా మందు రాసుకోవాలి. కడుపు చెడితే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలుపుకుని తాగుతూ ఉండాలి. వీటికి మించినది జరిగితే పెద్ద ఆస్పత్రికి మళ్ళీ సముద్రం దాటాలి. ప్రత్యేక పడవకో హెలికాప్టరుకో అయ్యే ఖర్చు మీ మొత్తం ప్రయాణపు ఖర్చుకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. అత్యవసర తరలింపు ఉన్న బీమా తీసుకోకుండా ఈ చవక ప్రయాణానికి బయలుదేరకండి.

ఇంత చెప్పాక, అసలు ఎందుకు వెళ్ళాలన్న ప్రశ్న వస్తుంది. ఖరీదైన రిసార్టుకూ పక్క ఊరి చవక గదికీ సముద్రం ఒకటే. ఆటు సమయంలో తీరం వెంట అర కిలోమీటరు నీరు వెనక్కి తగ్గినప్పుడు, గుంటల్లో చిక్కుకున్న వేలెడు చేపలు మీ నీడ పడగానే ఒక్కసారిగా రాయి కిందకు దూరుతాయి; పాకుతున్న గవ్వను చేతిలోకి తీసుకుంటే లోపలి పీత కాసేపు ముడుచుకుని, మళ్ళీ మెల్లగా కాళ్ళు బయటపెడుతుంది. దానికి ప్రవేశ రుసుము లేదు, కావలసింది ఆటుపోట్ల వేళల పట్టిక, జారని చెప్పులు. మూడో రోజుకు చాలామందికి విసుగు పుడుతుంది, ఇంటర్నెట్ సరిగా రాదు, చూడవలసినవన్నీ చూసేసినట్టుంటుంది. ఆ రోజున కంగారుపడి ఖరీదైన పడవ యాత్రకు డబ్బు కట్టకండి. నాలుగో రోజుకు ఆ విసుగు దానంతట అదే తగ్గడం నేను దాదాపు ప్రతిసారీ చూశాను.

డైవింగ్ చేయదలచుకుంటే మొదటి రోజుల్లోనే ముగించండి. రోజుల తరబడి పలుమార్లు నీటి అడుగుకు దిగినవారు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, లేకపోతే రక్తంలో కరిగి ఉన్న నైట్రోజన్ పై ఎత్తున బుడగలు కడుతుంది. చివరి సాయంత్రం ఉప్పు పట్టిన బట్టలను మంచినీళ్ళలో జాడించి ఆరేసి, రేపటి పడవ వేళను గెస్ట్‌హౌసు వారిని మరొక్కసారి అడిగి పడుకోండి.