మూత్రసంచి జారడం – 2వ పాఠం: ఆ కండరం దొరకబుచ్చుకోవడం

యోని ముందు గోడ సడలితే, దానికి ఆనుకుని ఉన్న మూత్రసంచి గోడతో సహా కిందికి ఉబుకుతుందని మొదటి పాఠంలో చూశాం. పొద్దున్న లేచినప్పుడు పెద్దగా తెలియదు, సాయంత్రానికి కింద ఉండలా తగులుతుంది. "గర్భసంచి తీసేశారుగా, ఇంక జారడానికేముంది?" అనుకునేవాళ్లు చాలామంది. గర్భసంచి ఆపరేషన్లు దేశంలో బాగా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి కాబట్టి ఇది తేల్చేద్దాం. గర్భసంచి పోయినా ఆ గోడ ఎక్కడికీ పోదు, మూత్రసంచీ పోదు. జారొచ్చు.

ఇక ఈ వారం పని: మూత్రసంచిని కింది నుంచి మోసే కటి అడుగు కండరాన్ని పట్టుకోవడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నలుగురిలో ఉండగా గ్యాస్ రాబోతే ఎలా బిగబడతారో అలా బిగించండి, దాంతోపాటే మూత్రం ఆపుకున్నట్టు ముందువైపూ బిగించండి. లోపల పైకి లాగినట్టుండాలి. పిరుదులు, తొడలు గట్టిపడుతున్నాయంటే పట్టుకున్నది వేరే కండరాన్ని. అనుమానంగా ఉంటే చేయి శుభ్రంగా కడుక్కుని యోనిలో వేలు పెట్టి చూడండి. వేలి చుట్టూ బిగిసి లోపలికి లాగితే సరే. వేలిని బయటికి నెడితే మీరు ముక్కుతున్నారన్నమాట, వెంటనే ఆపండి. ఆ ముక్కుడే జారుడును పెంచేది. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఫిజియోథెరపిస్టులూ ఇలాగే చూస్తారు.

3 సెకన్లు బిగించి, కనీసం అంతసేపూ పూర్తిగా వదలండి. ఇలా 10 సార్లు, రోజుకి 3 విడతలు. ఊపిరి బిగబట్టొద్దు; అంకెలు పైకి లెక్కపెడితే అదే ఆడుతుంది. వారాలు గడిచేకొద్దీ 10 సెకన్ల దాకా పెంచొచ్చు. అందరి ధ్యాసా బిగించడం మీదే ఉంటుంది కానీ, నా లెక్కలో వదలడం సగం పాఠం. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయొద్దు, సంచి సరిగ్గా ఖాళీ కాదు.

అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామమిది. తేడా తెలియడానికి మూడు నెలలైనా పడుతుంది. కొద్దిగా జారినప్పుడు బాగా పనికొస్తుంది. బయటికే వచ్చేస్తే దీంతో లోపలికి పోదు, డాక్టరు యోనిలో ఆసరాగా రింగు పెడతారు లేదా ఆపరేషన్ చెబుతారు. మూత్రం అసలు రాకపోయినా, రక్తం పడినా, మంటతో జ్వరమొచ్చినా పాఠం పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

కండరం చిక్కాక, దగ్గొచ్చే ముందు, నీళ్ల బకెట్ ఎత్తే ముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకోండి. వచ్చే పాఠంలో మలబద్ధకం, ముక్కకుండా దొడ్డికి కూర్చునే తీరు.