థర్టీ-థర్టీ (.30-30) తూటా తుపాకీతో జింకల వేటకు వెళ్తున్నారా? ముందు హ్యామర్ సంగతి చూసుకోండి

టెక్సాస్‌లో జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. పోయినేడు మా పక్క లీజులో (వేటకు అద్దెకు తీసుకున్న భూమిలో) ఒకాయన తన బూటులోంచే తూటా దింపుకున్నాడు, రెండు కాలివేళ్లు పోయాయి. ఆయన తుపాకీ పాత వించెస్టర్ 94. జింక కనపడి హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే ముందుకు పడి తూటాని పేల్చే సుత్తి) వెనక్కి లాగాడు, అది కాస్తా పొదల్లోకి పోయింది, ఇక లాభం లేదని హ్యామర్‌ని బొటనవేలితో దించబోయాడు. చలికి మొద్దుబారిన వేలు జారింది, అంతే. ఈసారి డాలస్ నుంచి మనవాళ్లు కొందరు ఇలాంటి లీవర్ యాక్షన్ (ట్రిగ్గర్ చుట్టూ ఉన్న పిడిని ఆడించి తూటా ఎక్కించే తుపాకీ) కొనుక్కుని బయల్దేరుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నా. ఆరెంజ్ వెస్ట్, నీళ్ల బాటిల్ గురించి చెప్పను, అవి మీకు తెలుసు.

హ్యామర్

1992కి ముందు తయారైన 94లకు సేఫ్టీ బటన్ ఉండదు. పాతవాటిలో హ్యామర్‌ని సగం దారిలో ఆపే హాఫ్ కాక్ అనే గాడి ఒక్కటే దిక్కు. ఛాంబర్‌లో (తూటా పేలే గదిలో) తూటా ఉండగా హ్యామర్ దించాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే, అంటే పేల్చడానికి చేసే పనే చేస్తూ పేలకూడదని కోరుకోవడం. హ్యామర్‌ని గట్టిగా పట్టుకుని, అది కదలగానే ట్రిగ్గర్ మీది వేలు తీసెయ్యాలి. అప్పుడు బొటనవేలు జారినా హాఫ్ కాక్ దగ్గర ఆగాలి. అరిగిపోయిన పాత తుపాకీలో అదీ నమ్మకం లేదు. చాలామంది ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే చివరిదాకా దించుతారు. మా పక్కాయన చేసిందీ ఇదే.

స్కోప్ బిగించుకుంటే బొటనవేలికి చోటు చాలదు, పక్కకు పొడుచుకొచ్చే హ్యామర్ ఎక్స్‌టెన్షన్ పెట్టించుకోండి. గ్లోవ్స్ తీసి దించండి. అసలు దించే అవసరమే రాకుండా చూసుకోవడం మేలు: స్టాండ్‌లో (జింక కోసం కాపు కాసే ఎత్తైన చోటులో) కూర్చున్నాకే ఛాంబర్‌లోకి తూటా ఎక్కించండి.

తూటాలు

థర్టీ-థర్టీ 1895 నుంచి ఉన్న తూటా. ఈ తుపాకుల్లో బ్యారెల్ కింద ఉండే ట్యూబ్ మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, వెనక దాని ముక్కు ముందుదాని ప్రైమర్‌ని (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే అడుగు బిళ్లని) ఆనుకుని ఉంటుంది. మొన సూదిగా ఉన్న బుల్లెట్ వేస్తే రీకాయిల్‌కి (కాల్చినప్పుడు వెనక్కి తన్నే తాకిడికి) ట్యూబ్‌లోనే పేలొచ్చు. చదునైన లేదా గుండ్రటి ముక్కు ఉన్నవే వాడాలి, లేదా ఇలాంటి తుపాకుల కోసమే చేసిన మెత్తటి మొనవి.

మార్లిన్ 336 అనే ఇంకో లీవర్ యాక్షన్ థర్టీ-థర్టీ తూటాకీ ఉంది, థర్టీఫైవ్ రెమింగ్టన్ అనే వేరే తూటాకీ ఉంది. బ్యారెల్ మీద రాసింది చదవండి, అమ్మినవాడి మాట కాదు.

ఇంకా

150 గజాలు దాటితే కొట్టొద్దు. 100 గజాలకు గురి సెట్ చేసుకుంటే, 150 గ్రెయిన్ (బరువు కొలత) బుల్లెట్ 200 గజాల దగ్గర 7, 8 అంగుళాలు కిందికి దిగిపోతుంది, జింక గాయంతో పారిపోతుంది, రాత్రంతా వెతుకులాట మీకే.

గట్టు మీద, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని జింకని కొట్టొద్దు.

లీవర్ ఆడించేటప్పుడు ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోనివ్వొద్దు. మూసేటప్పుడే పేలేది.

ఖాళీ చేశాక ఛాంబర్‌లోకి చూడండి, వేలు పెట్టి తడమండి. ట్యూబ్‌లో ఇరుక్కున్న తూటా లెక్కకు అందదు.

ఖాళీ తుపాకీనే తాడుతో స్టాండ్ మీదికి లాగండి, గొట్టం కిందికి ఉండాలి.

బీరు సాయంత్రానికి.

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టారా? హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చెయ్యండి.

హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు గట్టిగా వినండి. ప్రైవేట్ భూమిలో అడవి పందులకు టెక్సాస్ లైసెన్స్ అడగదు, నిజమే. కానీ ఫెడరల్ చట్టం ప్రకారం చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లేకుండా మీరు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఫ్రెండ్‌దే కదా అని చేతిలోకి తీసుకున్నా ఇరుక్కున్నట్టే. పందులకే వెళ్తున్నా లైసెన్స్ కొని జేబులో పెట్టుకోండి.

హ్యామర్ మళ్లీ చెప్తున్నా: దించాల్సి వస్తే గొట్టం మెత్తటి నేల వైపు. కాళ్ల వైపు కాదు, రాయి వైపు కాదు, పక్కవాడి వైపు అసలే కాదు. చెయ్యి వణుకుతోందా, దించకండి. గొట్టం అలాగే ఉంచి, ట్రిగ్గర్ జోలికి పోకుండా లీవర్ తెరిచి తూటా బయటికి తియ్యండి.