పరిశోధన పంచుకుందాం – 4వ పాఠం: ముక్కూ మొహం తెలియనివాళ్లకూ అర్థమయ్యే డేటా పట్టిక

పోయిన పాఠంలో మీ ఊళ్లో గిజిగాడి గూళ్లు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోమన్నాను. మీలో కొందరు పంపిన పేజీలు చూశాను. ఎక్కువ మంది రాసిన తీరు ఇలా ఉంది:

12/7, బావి గట్టు ఈత చెట్టు, 7 (3 సగం), గాలి బాగా ఉంది.

రాసినవాళ్లకు ఇందులో తెలియనిదేమీ లేదు. కానీ ఆ బావిని ఎన్నడూ చూడని మనిషి పదేళ్ల తర్వాత దీన్ని తెరిస్తే? ఆ మనిషి కూడా తప్పుగా చదవడానికి వీల్లేకుండా ఈ ఒక్క లైనును మార్చడమే ఇవాళ్టి పని. జర్నల్‌కు పేపరు పంపే ముందు చేయాల్సిన వాటిలో నా దృష్టిలో ఇదే పెద్దది.

ముందు తేదీ. 12/7 అంటే మనకు జులై 12. అమెరికా పద్ధతిలో సెట్ చేసిన కంప్యూటర్‌లో ఎక్సెల్ దాన్ని డిసెంబరు 7 అనుకుంటుంది. గిజిగాడు వానాకాలంలో గూడు కడుతుంది. మీ పట్టిక చదివినవాళ్లకు అది చలికాలంలో కట్టినట్టు కనిపిస్తుంది. వాతావరణం మారడం వల్ల పక్షి కాలం తప్పిందని ఎవరైనా పొరబడినా ఆశ్చర్యం లేదు. అందుకే సంవత్సరం ముందు, తర్వాత నెల, చివర రోజు: 2024-07-12. ఇలా రాస్తే ఏ దేశంలోనైనా ఒకే అర్థం వస్తుంది.

తర్వాత "7 (3 సగం)". ఒకే గడిలో రెండు సంగతులు ఇరికించారు. పైగా మొత్తం ఏడా, లేక ఏడుకు తోడు ఇంకో మూడా? మగ గిజిగాడు గూడును సగం దాకా, టోపీ ఆకారం వచ్చేవరకు అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకుంటేనే కింది గొట్టం దాకా పూర్తి చేస్తుంది. అంటే సగం గూడు, పూర్తి గూడు అనేవి పక్షి జీవితంలో రెండు వేర్వేరు ఘట్టాలు. వాటిని కలిపేస్తే మీ దగ్గరున్న విలువైన సమాచారమే పోతుంది. "పూర్తి_గూళ్లు" అని ఒక కాలమ్, "సగం_గూళ్లు" అని ఇంకొకటి పెట్టి, మొత్తం ఏడైతే మొదటిదాంట్లో 4, రెండోదాంట్లో 3 వేయండి. మొత్తం రాయక్కర్లేదు, కావాలంటే కంప్యూటరే కూడుతుంది.

"ఈత చెట్టు" అన్నది ఒక కాలమ్, "బావి గట్టు" అన్నది వేరే కాలమ్. ప్రతి చెట్టుకూ ఒక నంబరు ఇవ్వండి. రేపు ఆ బావి పూడ్చేసినా చెట్టు నంబరు ఉంటుంది. ఇక "గాలి బాగా ఉంది" అన్నది రిమార్కుల కాలమ్‌లోకి వెళ్తుంది.

చాలామంది తడబడేది సున్నా దగ్గర. చెట్టు కింద నిలబడి చూశారు, ఒక్క గూడూ లేదు: అక్కడ 0 రాయాలి. పొలంలో నీళ్లు నిలిచి చెట్టు దాకా వెళ్లలేకపోయారు: అక్కడ "ఎన్‌ఏ" (NA, అంటే సమాచారం లేదు) అని రాయాలి. గడి ఖాళీగా వదిలితే మీరు చూడలేదా, చూస్తే ఏమీ లేదా, రాయడం మరిచారా అన్నది ఎవరికీ తెలియదు. లేదని తెలుసుకోవడం కూడా డేటానే. ఆ సున్నా కోసం మీరు బురదలో నడిచారు.

నా ఎమ్మెస్సీ నాటి పట్టిక ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో "కండిషన్" అనే కాలమ్ కింద 1, 2, 3 అంకెలున్నాయి. 1 అంటే బాగున్న గూడా, పాడైన గూడా? గుర్తు లేదు. రెండు వానాకాలాల పని అది, ఈ రోజు ఎవరికీ ఇవ్వలేను. అప్పుడు నాలుగు లైన్ల రీడ్‌మీ ఫైలు రాసి పక్కన పెట్టి ఉంటే సరిపోయేది: ఏ కాలమ్ దేని గురించి, ఏ యూనిట్లో కొలిచాను, ఏ కోడ్‌కు ఏమిటి అర్థం, ఎవరు ఎలా లెక్కపెట్టారు. మీరు రీడ్‌మీని ఫీల్డ్ నుంచి వచ్చిన రాత్రే రాయండి. పేపరు పంపేటప్పుడు రాద్దామనుకుంటే సగం మరిచిపోతారు.

"డేటా ఎవరైనా అడిగితే ఇస్తాం కదా, ఆన్‌లైన్‌లో ఎక్కడో పెట్టడం ఎందుకు?" అని ఒకరు రాశారు. 2014లో కరెంట్ బయాలజీ జర్నల్‌లో దీని మీదే ఒక అధ్యయనం వచ్చింది. 2 నుంచి 22 ఏళ్ల కిందటి 516 పేపర్ల డేటా కోసం ఆరా తీశారు. పేపరు వయసు ఏడాది పెరిగినకొద్దీ డేటా మిగిలి ఉండే అవకాశం 17 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. ఈమెయిల్ అడ్రసులు పనిచేయలేదు, డేటా ఉన్న పాత డిస్కులను తెరిచే మెషీన్లు లేవు. ఇచ్చే మనసు ఉన్నా ఇవ్వడానికి డేటా ఉండాలి కదా. ది అమెరికన్ నేచురలిస్ట్, ఎవల్యూషన్, మాలిక్యులర్ ఎకాలజీ లాంటి జర్నళ్లు 2011 నుంచే పేపరుతో పాటు డేటాను పబ్లిక్ ఆర్కైవ్‌లో, అంటే ఎవరైనా తెరిచి చూడగలిగే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాలని నియమం పెట్టుకున్నాయి.

అలా పెట్టడం వల్ల ఏం జరుగుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ కేట్ లాస్కోవ్‌స్కీ అనే జీవశాస్త్రవేత్త సంగతే చెబుతాను. గుంపులుగా బతికే సాలెపురుగుల మీద ఆమె సహరచయితలతో కలిసి పేపరు రాశారు. డేటా సహరచయిత నుంచి వచ్చింది. బెదిరిన సాలెపురుగు మళ్లీ కదలడానికి ఎంతసేపు పట్టిందో సెకనులో నూరో వంతు దాకా కొలిచిన అంకెలవి. ఆ డేటా మీద మరో పరిశోధకుడు అనుమానం చెప్పాక ఆమె మళ్లీ పట్టిక తెరిచి చూస్తే, వేర్వేరు సాలెపురుగులకు అవే అంకెలు పదేపదే కనిపించాయి. అంత సూక్ష్మంగా కొలిచినప్పుడు అలా కలవడం సాధ్యం కాదు. 2020 జనవరిలో ఆ పేపరును ఆమే వెనక్కి తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారో అందరికీ వివరంగా రాశారు. అంకెలు దాచకుండా బయట ఉంటేనే తప్పు దొరుకుతుంది. ఆమె ధైర్యానికి నాకు ఎంతో గౌరవం.

అయితే అన్నీ బయట పెట్టేయకూడదు. కలివికోడి మన కడప వైపు ముళ్ల పొదల్లో బతికే పక్షి. ఇక లేదనుకున్నాక 1986లో మళ్లీ కనిపించింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఇలాంటి పక్షి గూటి లొకేషన్‌ను (అక్షాంశ, రేఖాంశాలను) నాలుగు దశాంశ స్థానాలతో పెడితే సుమారు 11 మీటర్ల తేడాలో ఎవరైనా అక్కడికి చేరిపోతారు. రెండు స్థానాలకు కుదిస్తే అది కిలోమీటరు పైచిలుకు, ఒక స్థానానికి కుదిస్తే 11 కిలోమీటర్లు. అరుదైన జాతులకు ఒక స్థానమే ఉంచండి, అలా కుదించామని రీడ్‌మీలో రాయండి. అసలు అంకెలు మాత్రం అటవీ శాఖకు తప్పకుండా ఇవ్వండి. తెలుగు గంగ కాలువ పనులు ఈ పక్షి ఆవాసం దాకా వచ్చినప్పుడు, పక్షి ఎక్కడ తిరుగుతుందో పరిశోధకులకు కచ్చితంగా తెలియబట్టే వాళ్లు అడ్డుపడగలిగారు, కాలువ దారి మారింది.

గిజిగాడికి ఆ భయం లేదు కాబట్టి మీ లొకేషన్లు ఉన్నవి ఉన్నట్టే పెట్టండి.

ఫైలును ఎక్సెల్‌లో కాకుండా సీఎస్‌వీగా (గడులను కామాలతో విడదీసే సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేయండి. రంగులు వేసి అర్థం చెప్పకండి, సీఎస్‌వీలో రంగులు నిలవవు. ఆ తర్వాత జెనోడో, డ్రయాడ్ అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లలో ఏదో ఒకదాంట్లో ఎక్కించండి. జెనోడోను యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ నడుపుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. డ్రయాడ్‌కు ఫీజు ఉంటుంది. ఎక్కడ పెట్టినా మీ డేటాకు డీఓఐ అనే శాశ్వత నంబరు వస్తుంది. ఎవరైనా వాడుకుంటే దాన్ని పేర్కొంటారు, మీ పేరు దాంతో పాటు వెళ్తుంది.

ఈ వారం అభ్యాసం: మీ సీఎస్‌వీనీ రీడ్‌మీనీ బయాలజీతో సంబంధం లేని ఇంట్లోవాళ్లకో ఫ్రెండ్‌కో ఇవ్వండి. "జులై 12న బావి గట్టు చెట్టుకు సగం గూళ్లు ఎన్ని? ఏ చెట్టు దగ్గరికి మేం వెళ్లలేకపోయాం?" అని అడగండి. పక్కనే కూర్చోండి, కానీ వివరించకండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో చూసి, అక్కడికి సరిపోయే వాక్యం రీడ్‌మీలో కలపండి. అదే ఫైలుతో వచ్చే పాఠంలో ప్రీప్రింట్, అంటే జర్నల్ సమీక్షకు ముందే అందరికీ చూపే పేపరు ప్రతి, మొదలుపెడదాం.